జెల్ఫా ఈల

తిర్సాలో ఆడవాళ్లు ఈల వెయ్యకూడదు. ఏ గ్రంథంలోనూ అలా రాసిలేదు, ఏ ప్రవక్తా చెప్పలేదు, అయినా కూడదంటే కూడదు. ఒక్క జెల్ఫా విషయంలో మాత్రం ఊరంతా చూసీ చూడనట్టు పోయేది. చిన్నప్పుడు కంఠసర్పి వచ్చి ప్రాణాలైతే దక్కాయిగానీ ఆమె గొంతు దక్కలేదు. మామూలుగా మాట్లాడితే బొంగురు, గట్టిగా అరవబోతే అదీ సగంలో తెగిపోయేది. అందుకని గొర్రెలు కాసే తండ్రి నేర్పినట్టే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసేది. రెండు పొడుగువి, చివర ఒక పొట్టిది పైకి లేచి ఆగిపోతుంది. అది ఊరి వెనకున్న ఎర్రకొండకి తగిలి తిరిగొచ్చేలోపు ఆమె పిల్లలు గుమ్మంలో ఉండేవారు.

అసలు మా ఊళ్లో పిల్లల్ని పిలవడమంటే మాటలు కాదు. ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు భార్యలు, ఇంటినిండా పిల్లలు, ఆ పిల్లలకి ఇంట్లో ఆడవాళ్లందరూ అమ్మలే. ఆల్టా అమ్మ, జెల్ఫా అమ్మ, ఇలాగ. "అమ్మ పిలుస్తోంది రండిరా" అంటే వీధి వీధంతా ఊడిపడుతుంది. పోనీ పేరు పెట్టి పిలుద్దామా అంటే అది అంతకన్నా పెద్ద తప్పు. తాతల కాలంలో పోలీసులు వీధిలో వినబడ్డ పేర్లను పట్టుకునే ఏ బిడ్డ ఎవరికి పుట్టిందో ఆరా తీసి, ఒకరికి మించి భార్యలున్న నేరానికి మగవాళ్లని జైలుకి పంపారట. అప్పట్నుంచీ మా వీధుల్లో బిడ్డ పేరెత్తి అరిచిన తల్లి లేదు. కొత్తవాళ్లెవరైనా "మీ అమ్మెవరు బాబూ?" అనడిగితే "అందరూ మా అమ్మలే" అని చెప్పాలి. మా పిల్లలకి అక్షరాల కంటే ముందు వచ్చేది ఆ మాట.

కాబట్టి ఏ తల్లి పిలుపు ఆ తల్లిదే. జెల్ఫా కంటే ముందే ఆమె భర్త లోరిన్‌ని చేసుకున్న ఆల్టా, ఇనప పెనం మీద గరిటెతో టంగుటంగుమని మోగించేది. ఎదురింటి థోరా కోడిపెట్టలా క్లుక్కుక్కుమనేది. జెల్ఫాది ఈల.

ఆ ఏడు పీచ్ పళ్లు ముగ్గకముందే, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా ఊరి మతపెద్ద ఆర్సన్ పెద్దాయన వేదిక మీద నిలబడి తనకొక దర్శనమైందని చెప్పాడు. జెల్ఫా పెద్దకూతురు మెర్లీన్ తన ఇంటికి భార్యగా రావాలని దేవుడు సెలవిచ్చాడట. పెద్దాయనకి అరవై దగ్గరపడుతున్నాయి. మెర్లీన్‌కి అప్పుడే పదిహేనో ఏడు వచ్చింది. ఊరంతా "ఆమేన్" అంది. లోరిన్ కూడా టోపీ అంచు నలుపుకుంటూ "ఆమేన్" అన్నాడు.

ఇంటికొచ్చాక మెర్లీన్ రొట్టెపిండి పిసుకుతున్న తల్లి పక్కన నిలబడింది. "అమ్మా, నువ్వేమంటావ్?" అని అడిగింది.

"పెద్దాయన నోట వచ్చింది దేవుడి మాటేనమ్మా. నేననేదేముంది?"

"నిన్ను అడిగాను."

జెల్ఫా తలెత్తలేదు. ఆ పిల్ల నీళ్ల బకెట్ తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పెళ్లి ఊసు మెర్లీన్ నోట మళ్లీ రాలేదు. ఊళ్లోవాళ్లేమో పిల్ల ఒప్పుకుందని మురిసిపోయారు. మౌనం అర్ధాంగీకారమని సరిపెట్టుకునేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు.

పెళ్లికి ముందే పోలీసులొచ్చారు.

తెల్లవారుతుండగా హార్లన్ పట్నం నుంచి కార్లు వరసగా దుమ్ము లేపుకుంటూ దిగాయి. వాళ్లు తుపాకులకి తుపాకులు ఎదురవుతాయనుకున్నారు కాబోలు, తీరా చూస్తే బడి ముందు జెండా ఎగరేసి, ఊరంతా నిలబడి కీర్తన పాడుతోంది. షెరీఫ్ టోపీ తియ్యాలో వద్దో తెలీక రెండు చేతులూ బెల్టు మీదే పెట్టుకుని పాట అయ్యేదాకా నిలబడ్డాడు. మగవాళ్లని జీపులెక్కించారు. వారం తిరిగేలోపు పిల్లల్ని తీసుకుపోవడానికి ప్రభుత్వం బస్సులొచ్చాయి.

బస్సు దగ్గర ఒక పట్నపు ఆవిడ చేతిలో పెన్సిల్‌తో కూర్చుంది. "మీ అమ్మెవరు నాన్నా?"

"అందరూ."

"కాదమ్మా, నిన్ను కన్న అమ్మ?"

"అందరూ మా అమ్మలే."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తనకి తోచినట్టు రాసుకుంది. జెల్ఫా కొడుకు తొమ్మిదేళ్ల లేహైని ఆల్టా ఖాతాలో వేసింది. ఆల్టా కొడుకు హైరమ్‌కి అసలు తల్లే లేదని రాసింది. ఆల్టా ఊరుకుంటుందా, "ఏమమ్మోయ్, వాడు ఆకాశం నుంచి ఊడిపడ్డాడా? వాణ్ని కనడానికి పట్టిన నొప్పులు నువ్వు పడ్డావా?" అని బస్సు చుట్టూ తిరుగుతూ గోలపెట్టింది. ఎవరు వినిపించుకుంటారు? జెల్ఫా చిన్నకూతురు, ఐదేళ్ల నోలా మాత్రం కిటికీలోంచి తల్లిని చూస్తూ, నేర్పినదంతా సరిగ్గా చెప్పానన్నట్టు తల ఊపింది.

తల్లులు వెనకే పట్నం చేరారు. ఒక చర్చివాళ్లు జాలిపడి తమ హాల్లో పరుపులు వేసుకోనిచ్చారు. చిన్నపిల్లల్ని ఒక పాత బడి భవనంలో పెట్టారు. పెద్ద ఆడపిల్లల్ని పట్నంలో ఇళ్లకి పంచారు. మెర్లీన్ కాల్డ్‌వెల్ అనే టీచరమ్మ ఇంటికి వెళ్లింది. తల్లులు పిల్లల్ని ఆదివారం మాత్రమే చూడొచ్చు. ఆ మిగతా రోజులు జెల్ఫాకి ఎలా గడిచాయో చెప్పలేను. ఊరికి ఫోన్ చేస్తే, అక్కడ మిగిలిన ముసలివాళ్లు పీచ్ పళ్లు చెట్టుకింద కుళ్లుతున్నాయని చెప్పారు. "కుళ్లనీ," అంది. ఏటా సీసాల్లోకెక్కించే ఆ పళ్ల మీద ప్రాణం పెట్టుకునే మనిషి.

ఈలోగా హార్లన్ పట్నమంతా రెండుగా చీలిపోయింది. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్నవాళ్లు కూడా లేచి వాదించుకునేవారు. రేడియోలో ఒకాయన "ఆ పిల్లల్ని ఆ కూపంలోంచి తీసి మంచి ఇళ్లలో పెంచాలి" అంటే, మర్నాడు ఇంకొకాయన "తల్లి ఒడిలోంచి బిడ్డని లాక్కునే ప్రభుత్వం రేపు మీ ఇంటికీ వస్తుంది" అనేవాడు. ఒక పత్రికేమో మా ఆడవాళ్ల ఫోటో వేసి 'పొడుగుచేతుల గౌన్ల బానిసలు' అంది. ఆల్టా ఆ పత్రికని బూట్లు తుడవడానికి దాచుకుంది.

ఒక శనివారం మధ్యాహ్నం టౌన్ హాల్లో బహిరంగ సభ పెట్టారు. రావచ్చో రాకూడదో ఎవరూ చెప్పలేదు కాబట్టి జెల్ఫా, ఆల్టా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. పొడుగు గౌన్లు, దువ్వి ఎత్తుగా కట్టిన జుట్టు చూసి ముందువరసలన్నీ వెనక్కి తిరిగాయి.

"మెడలు నొప్పెడతాయి, ముందుకి చూడండి," అంది ఆల్టా.

పశువుల మంద ఉన్న ఒక రైతు లేచాడు. "నాకు వాళ్ల మతం నచ్చదు. ఒక్క పెళ్లానికే జవాబు చెప్పుకోలేక చస్తున్నాను. కానీ ఆవు పక్కనుంచి దూడని లాగితే ఆవు ఏం చేస్తుందో నాకు తెలుసు. మీలో ఎవడికైనా తెలీకపోతే మా దొడ్డికి రండి," అన్నాడు. సభ గొల్లున నవ్వింది. సగంమంది చప్పట్లు కొట్టారు.

తర్వాత కాల్డ్‌వెల్ టీచరమ్మ లేచింది. సన్నటి మనిషి, కళ్లద్దాలు, మాట మాత్రం కర్ర విరిచినట్టుంటుంది. "చిన్నపిల్లల్ని రేపే పంపించెయ్యండి. నేనే బస్సెక్కిస్తాను. ఎవరి మతం వాళ్లది. కానీ మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. వచ్చిన రోజు నన్నడిగిన మొదటి ప్రశ్న, 'నా గదికి గడియ లోపలి వైపు ఉందా?' అని. పదిహేనేళ్ల పిల్ల. తల్లి హక్కు, తండ్రి హక్కు, ప్రభుత్వ హక్కు అని అందరూ గొంతులు చించుకుంటున్నారే, ఆ పిల్లని అడిగినవాళ్లు ఒక్కరున్నారా?"

ఈసారి చప్పట్లు కొట్టడానికి కూడా ఎవరికీ చేతులు రాలేదు.

జెల్ఫా చెవులు ఎర్రబడ్డాయి. బయటికొచ్చాక ఆల్టా, "దానికేం తెలుసు మన సంగతి! పిల్లాజెల్లా లేని మనిషి," అని తిట్టుకుంది.

"అక్కా, మెర్లీన్ నన్నడిగింది," అంది జెల్ఫా.

"ఏమని?"

"నువ్వేమంటావ్ అని. నేను దేవుడి మీదకి తోసేశాను."

ఆల్టా నోరు తెరిచి, మూసింది. ఆల్టా నోరు మూయడం మా ఊళ్లో ఎవరూ అంతవరకూ చూడలేదు.

మర్నాడు ఆదివారం మెర్లీన్, తల్లిని టీచరమ్మ పెరట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. భూగోళం పుస్తకం చూపించింది. ఆరోగ్యంగా ఉంది, నవ్వింది కూడా. ఇంటి మాటెత్తితే మాత్రం గౌను అంచు పట్టుకుని మెలితిప్పింది. జెల్ఫాకి ఏదో అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయింది. అలవాటైన భయం అంత తొందరగా వదలదు.

విచారణ రోజు కోర్టు కిటకిటలాడిపోయింది. బెయిలు మీద వచ్చిన మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు, ముందువరసలో ఆర్సన్ పెద్దాయన. లోపలికి వెళ్లేముందే తల్లులందర్నీ వరండాలో నిలబెట్టి ఆయన చెప్పాల్సింది చెప్పాడు.

"ఏమడిగినా 'దేవుడి చిత్తం' అనండి. అంతకుమించి ఒక్క ముక్క వద్దు. అర్థమైందా?"

"అర్థమైంది పెద్దయ్యా," అన్నారందరూ.

ప్రభుత్వం తరపు లాయరు ప్రెస్కాట్ చాకులాంటి కుర్రాడు. తల్లుల్ని అడిగి లాభం లేదని అతనికి తెలుసు. లేహైని పిలిచాడు. కుర్చీలో కూర్చోబెట్టి మెత్తగా అడిగాడు. "బాబూ, ఈ గదిలో మీ అమ్మ ఎవరు?"

లేహై ఒకసారి పెద్దాయన్ని చూశాడు. "అందరూ."

తర్వాత నోలా. కాళ్లు నేలకి అందక ఊగుతున్నాయి. కళ్లనిండా నీళ్లు, చూపంతా జెల్ఫా మీదే. అయినా ఎంత శ్రద్ధగా, ఎంత బుద్ధిగా చెప్పిందో! "అందరూ మా అమ్మలే." చెప్పేసి, బాగా చెప్పానా అన్నట్టు తల్లివైపే చూసింది. అయ్యో తల్లీ! మేం నేర్పిన పాఠమే మా మెడకి ఉరితాడై కూర్చుంది.

"జడ్జిగారూ, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు ప్రెస్కాట్. "ఈ పిల్లలకి తమ తల్లెవరో తెలీదు. తల్లే తెలియని బిడ్డని ఏ తల్లికి అప్పగిస్తాం? దత్తతకి ఇవ్వడమే న్యాయం."

జడ్జి ఫెంటన్ ముసలాయన. కళ్లద్దాలు తీసి ముక్కు నొక్కుకుని, "మీలో ఎవరైనా చెప్పేదుందా?" అన్నాడు, ఎవరూ చెప్పరని తెలిసినట్టే.

జెల్ఫా లేచింది. మగవాళ్ల వరసలోంచి పెద్దాయన దగ్గడం వినబడింది.

"అయ్యా, పిల్లలకి తెలుసండి. అడిగిన తీరు వేరు, అంతే."

"మరెలా అడగాలి?"

"అడక్కూడదండి. పిలవాలి. వాళ్లని బయటికి, అదిగో ఆ మైదానంలోకి పంపండి. తిర్సా పిల్లలందర్నీ, మీ పట్నం పిల్లల్నీ కలిపి ఆడుకోనివ్వండి. తర్వాత మీరే చూడండి."

ప్రెస్కాట్ లేచి, కోర్టంటే ఆటస్థలం కాదన్నాడు. "తెలుసు బాబూ, ఆటస్థలం బయటుంది," అన్నాడు జడ్జి. పొద్దుట్నుంచీ వాదనలు విని విని ఆయనకీ విసుగెత్తినట్టుంది.

అందరూ మెట్ల మీదికొచ్చారు. ఎదురుగా కాటన్‌వుడ్ చెట్లు, కింద పిల్లలు. తిర్సావాళ్లు, పట్నంవాళ్లు కలిసిపోయి ధూళి రేపుతున్నారు. ఆ చివర చెట్టుకింద టీచరమ్మలు, వాళ్ల పక్కన పెద్ద ఆడపిల్లలు. జెల్ఫా గౌను చేతులు పైకి మడిచి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది.

రెండు పొడుగు, ఒక పొట్టి.

మైదానంలో ఇద్దరంటే ఇద్దరు పిల్లలు ఆట మధ్యలో బిగుసుకుపోయారు. లేహై చేతిలో బంతి అక్కడే వదిలేశాడు. నోలా ఒక బూటు ఊడిపోయినా చూసుకోకుండా జనం కాళ్ల మధ్యనుంచి దూరి పరిగెత్తుకొచ్చింది. వచ్చి తల్లి గౌనులో మొహం దూర్చేసింది. వాళ్ల వెనకే రొప్పుకుంటూ బొద్దుగా ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. ఆల్టా కొడుకు హైరమ్!

"ఒరేయ్ హైరమ్! నీది కాదురా ఆ ఈల!" అంది ఆల్టా. అంత నవ్వులోనూ గమనించారో లేదోగానీ, ఆమె కోర్టు మెట్ల మీద కొడుకు పేరెత్తి అరిచేసింది.

ప్రెస్కాట్ ఎగిరి గంతేశాడు. "చూశారా! ఆవిడ కొడుకు కాదు, అయినా వచ్చాడు!"

"ఎందుకొచ్చావ్ నాన్నా?" అనడిగాడు జడ్జి.

"జెల్ఫా అమ్మ ఈల వేస్తే తేనె రొట్టె ఉంటుంది," అన్నాడు హైరమ్ సిగ్గులేకుండా. "మా అమ్మ పెనం కొడితే బీన్సే."

మెట్లన్నీ నవ్వులతో హోరెత్తిపోయాయి. షెరీఫ్ కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు. రైతు "నే చెప్పలేదూ!" అని ఎవరి వీపో చరిచాడు. జెల్ఫా గెలిచింది. మా ఆడవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు.

జడ్జి మాత్రం మైదానం చివరికే చూస్తున్నాడు. "చెట్టుకింద ఆ అమ్మాయి ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఆమె కూడా మీ కూతురేనా?"

జెల్ఫా చూసింది. మెర్లీన్. కాళ్లు నేలలో పాతుకుపోయినట్టు నిలబడి ఉంది. ఆ ఈల వింటే కొండెక్కి ఉన్నా దిగివచ్చే పిల్ల, పాలు పితుకుతున్నా బకెట్ వదిలేసి వచ్చే పిల్ల, రాలేదు.

"అవునండి. నా పెద్దకూతురు."

"మరెందుకు రాలేదు?"

వెనకనుంచి పెద్దాయన గొంతు మెల్లగా వినబడింది. "దేవుడి చిత్తం అను."

జెల్ఫా నోటి దగ్గర ఆ రెండు ముక్కలూ సిద్ధంగా ఉన్నాయి. అనేస్తే లేహై, నోలా ఆమె చేతుల్లోనే ఉంటారు. ఊరు ఊరిలాగే ఉంటుంది, లోరిన్ మంచం దగ్గర ప్రార్థన చేస్తాడు, పీచ్ చెట్లు మళ్లీ పూస్తాయి. ఆ చెట్టుకింద పిల్ల మాత్రం ఉండదు. రొట్టెపిండి ముందు తలెత్తని ఆ క్షణం ఆమెకి గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. తన మీద తనకే.

"ఇంటికొస్తే పెళ్లి చేస్తామని రాలేదండి," అంది. "ఈయనకిచ్చి." వెనక్కి తిరిగి వేలెత్తి చూపించింది. "అది నన్ను అడిగింది. నేను మాట్లాడలేదు. తప్పు పిల్లది కాదు, నాది."

"జెల్ఫా!" అన్నాడు పెద్దాయన. "నీ ఆత్మని పోగొట్టుకుంటున్నావు."

"పోతే పోనీయండి పెద్దయ్యా. నా కూతురు పోకుండా ఉంటే చాలు."

జడ్జి చేయెత్తి పెద్దాయన్ని ఆపాడు. "అమ్మా, ఆ పెళ్లి జరగదని మీరు మాటివ్వగలరా? ఊరంతా ఆయన చేతిలో ఉంటే మీ ఒక్కరి మాట ఏం నిలుస్తుంది?"

జెల్ఫా జవాబు చెప్పేలోపే ఆల్టా మెట్లు దిగి ఆమె పక్కన నిలబడింది. "ఒక్కదాని మాటేంటండీ? నాది కూడా రాసుకోండి. మా గుమ్మంలోకి ఎవరొస్తారో చూస్తాను. మా ఇంట్లో పెనం బరువే, నా చెయ్యీ బరువే." ఎదురింటి థోరా వచ్చింది. ఆమెకీ పద్నాలుగేళ్ల కూతురుంది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. తలలు వంచుకుని పుట్టినట్టుండే మా ఆడవాళ్లు ఆవేళ తలలెత్తుకుని ఒక్కొక్కరే మెట్లు దిగారు.

"మళ్లీ ఈల వెయ్యండమ్మా," అన్నాడు జడ్జి.

"ఇప్పుడు వెయ్యనండి. నేనేం చెప్పానో దానికి ఇంతదూరం వినబడలేదు. వినకుండా రమ్మంటే ఏం రమ్మన్నట్టు?"

నోలాని ఆల్టా చేతిలో పెట్టి మైదానంలోకి నడిచింది. సగం దూరంలో ఆగింది. అక్కడ పట్నమంతా ఉంది, పత్రికలవాళ్లున్నారు, పోలీసులున్నారు, పెద్దాయన ఉన్నాడు. మా ఊళ్లో ఏ తల్లీ వీధిలో కావాలని చెయ్యని పని జెల్ఫా ఆవేళ చేసింది. ఆ పాడైన గొంతుతోనే అరిచింది.

"మెర్లీన్!"

గొంతు తెగిపోయింది. మళ్లీ పీల్చుకుని అరిచింది.

"మెర్లీన్! పెళ్లి లేదు! పెద్దాయనకి లేదు, ఎవరికీ లేదు! నువ్వు పెద్దదానివై, నీకు నచ్చి, నువ్వే అడిగేదాకా లేదు! నువ్వేమంటావని నన్నడిగావే, ఇదే నేననేది! నేను నీ అమ్మని! అందరూ కాదు, నేను!"

చివరి మాటల్లో గాలి తప్ప ఏమీ లేదు. అయినా వినబడ్డాయి. గొంతు లేకపోయినా వినబడే మాటలు కొన్నుంటాయి.

కాల్డ్‌వెల్ టీచరమ్మ మెర్లీన్ వీపు మీద చెయ్యి వేసింది, తొయ్యలేదు. మెర్లీన్ మొదట నడిచింది. తర్వాత పరిగెత్తింది. వచ్చి తల్లిని గట్టిగా చుట్టేసుకుంటే జెల్ఫా తూలి పడబోయింది. ఇద్దరూ ఆ దుమ్ములోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయారు.

"ఇంత ఆలస్యమా అమ్మా," అంది మెర్లీన్ ఏడుస్తూనే.

"కొట్టవే. రెండు తగిలించు. నాకు కావాల్సిందే."

కోర్టు మెట్ల మీద చప్పట్లు మొదలయ్యాయి. పిల్లల్ని తీసుకుపోవాలన్నవాళ్లు, తిరిగిచ్చెయ్యాలన్నవాళ్లు, అందరూ కొట్టారు. ప్రెస్కాట్ కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత అతనూ కొట్టాడు.

పిల్లలందర్నీ తల్లులకి ఇచ్చెయ్యమని జడ్జి తీర్పు చెప్పాడు. ఎదిగిన ఆడపిల్లల్ని రోజూ హార్లన్ బడికి పంపాలని, టీచరమ్మ ఎప్పుడొచ్చి చూసినా తలుపు తియ్యాలని షరతు పెట్టాడు. "తలుపేంటి, భోజనం కూడా పెడతాం," అంది ఆల్టా. "బీన్సు మాత్రం కాదు లెండి."

తిర్సాకి వచ్చిన నాలుగోనాడు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఆర్సన్ పెద్దాయన ట్రక్కు జెల్ఫా ఇంటి ముందు ఆగింది. ఆయన దిగలేదు. అద్దం దించి, "అమ్మాయిని పిలువు. నేను దానితోనే మాట్లాడాలి," అన్నాడు.

జెల్ఫా గుమ్మంలో నిలబడి ఉంది. భయం లేదంటే అబద్ధం. "నా కూతుర్ని నేను పిలుస్తాను పెద్దయ్యా. మీరు పిలిపించడం అయిపోయింది."

"లోరిన్ ఎక్కడ?"

లోరిన్ ఇంటివెనకనుంచి వచ్చాడు. టోపీ తలమీదే ఉంది, నలుపుకోలేదు. ఆలస్యంగానే అయినా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "ఆవిడ చెప్పింది విన్నారు కదా," అన్నాడు.

పెద్దాయన ట్రక్కు కదల్చలేదు. అప్పుడు పెరటి వరండాలోంచి టంగుటంగుమని పెనం మోగింది. అదింకా రాత్రి భోజనాల వేళ కాదు. ఎదురింటి వరండాలో థోరా క్లుక్కుక్కుమంది. పై వీధిలో ఎవరో గంట కొట్టారు, కింది వీధిలో ఎవరో కూతపెట్టారు. ఆ తర్వాత పిలుపులు ఆగిపోయి పేర్లు మొదలయ్యాయి. తాతల కాలం తర్వాత మొదటిసారి మా వీధుల్లో తల్లులు కూతుళ్ల పేర్లు ఎత్తి పిలుస్తున్నారు. వాళ్లని ఇంట్లోకి, తమ పక్కకి రమ్మంటున్నారు. ఎవరి బిడ్డ ఎవరిదో దాచవలసిన అవసరం ఆవేళ ఎవరికీ కనబడలేదు.

పెద్దాయన కాసేపు విన్నాడు. తర్వాత అద్దం ఎత్తుకున్నాడు. ట్రక్కు వెనక్కి వెళ్లబోయి ఒకసారి ఆగిపోయి, మళ్లీ స్టార్టయి వెళ్లిపోయింది.

"గేరు కూడా మర్చిపోయాడు పాపం," అంది ఆల్టా గరిటె ఊపుకుంటూ.

జెల్ఫా కూతుర్ని పిలవడానికి వేళ్లు నోటి దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె ఊదకముందే కొట్టం దగ్గరనుంచి ఈల వినబడింది. రెండు పొడుగు, చివర ఒకటి పైకి లేచి ఆగింది. పాలబకెట్ పక్కన పెట్టి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, మెర్లీన్ తల్లిని పిలుస్తోంది.